హానిబల్ కర్నో రొమ్ము సాక్ష్యం

ఎదురింటి లవ్‌డే అత్త చెప్పినదాని ప్రకారం, పై ఊళ్ళో ఒకాయన హిమాలయన్ బాల్సం అనే మందు మూడు సీసాలు తాగేసరికి ఆయన కొయ్యకాలికి కూడా తిమ్మిరెక్కిందట. అత్త కళ్ళారా చూడలేదు. చూసినవాళ్ళని చూసినవాళ్ళు బట్టలారేసే తీగ దగ్గర చెప్పారు. తిమ్మిరెక్కిందంటే ప్రాణం వస్తోందన్నమాట, ఇంకో మూడు సీసాలు పడితే గోళ్ళు కూడా మొలుస్తాయని ఆవిడ తేల్చేసింది.

టామ్సిన్ కర్నో దుప్పటి పిండుతూ, "గోళ్ళ సంగతి సరే అత్తా, ఆ కాలికి చెదలు పడితే దానికీ ఇదే మందా?" అంది.

అత్త తన బట్టలు తీసుకెళ్ళి ఇంకో తీగ మీద ఆరేసుకుంది.

విక్టోరియా అనే ఇంగ్లీషువాళ్ళ వలస రాజ్యంలో బంగారు గనుల ఊళ్ళు చాలా ఉన్నా, ఆ ఏడు మోపోక్ క్రీక్ అంత ఆరోగ్యమైన ఊరు ఇంకొకటి లేదు. ఈ సంగతి 'మోపోక్ క్రీక్ మెర్క్యురీ' పత్రికే రాసింది. పత్రికకి నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మందుల ప్రకటనలు, మిగిలిన అరపేజీలో ప్రపంచం సర్దుకునేది. ఒకసారి ఐరోపాలో యుద్ధం మొదలైతే, కాలేయం మాత్రల ప్రకటన పొడుగై స్థలం చాలక, సంపాదకుడు యుద్ధాన్ని శనివారానికి వాయిదా వేశాడు.

బాల్సం అధిపతి ప్రొఫెసర్ లియోనిడాస్ ఫ్లడ్. ఆయన పేరు వెనకున్న అక్షరాలు పేరు కంటే పొడుగు. సీసా మీద తలపాగా చుట్టుకున్న ఋషి బొమ్మ ఉండేది. ఈ ఋషి హిమాలయాల మీద నాలుగు వందల ఏళ్ళుగా ఒక్కసారైనా దగ్గలేదని బొమ్మ కింద హామీ. మోపోక్ క్రీక్‌లో ఎవరూ ఋషి మొహం చూసి ఎరగరు గనక కాదనేవాడు లేడు. దగ్గు, కీళ్ళవాతం, బట్టతల, దిగులు, గుర్రం కుంటు, అన్నింటికీ అదొక్కటే మందు. ఊళ్ళో జనం ఇంగ్లీషు దేశపు గనుల ప్రాంతం కార్న్‌వాల్ నుంచి వచ్చిన మెథడిస్టు క్రైస్తవులు, సారా ముట్టమని ప్రతిజ్ఞ చేసి సంతకాలు పెట్టినవాళ్ళు. సారా దుకాణం ముందు నుంచి వెళ్ళాల్సొస్తే ఊపిరి బిగబట్టి నడిచేవాళ్ళు. ఇంటికొచ్చి, పాపం, బిగబట్టిన ఊపిరి బాగుపడాలని మూడు చెంచాల బాల్సం పుచ్చుకునేవాళ్ళు. ఆ మందులో ఏముందో ఋషికే తెలియాలి గాని, ప్రార్థన మందిరంలో పాట మొదలైతే లావు గొంతుల వాళ్ళు ఒక చరణం ముందే వెళ్ళిపోయి అక్కడ మిగతావాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు.

ఊళ్ళో చదువుకున్న డాక్టరు కూడా ఒకాయన లేకపోలేదు. డాక్టర్ మెక్రే పెద్దమనిషి. ప్రకటనలు వేసుకోవడం వృత్తి గౌరవానికి భంగమని నమ్మినవాడు. అందుకని నెలకోసారి గుర్రం మీంచి పడేవాడు. "డాక్టర్ మెక్రే నిన్న గుర్రం మీంచి పడిరి. దైవానుగ్రహం వల్ల దెబ్బ తగలలేదు. యథాప్రకారం పది నుంచి నాలుగు వరకు బ్యాంకు ఎదుట, ఆకుపచ్చ తలుపు ఇంట్లో లభ్యమగుదురు" అని వార్త పడేది. వార్త గనక గౌరవానికి భంగం లేదు. పాపం ఆ గుర్రానికే చెడ్డపేరు వచ్చింది.

ఇక టామ్సిన్ మొగుడు హానిబల్ సంగతి. ఇరవై రెండేళ్ళు భూమి కింద రాయి తొలిచి, ఆ రాతి పొడిలో సగం రొమ్ములోనే దాచుకున్న మనిషి. ఆయన దగ్గు అందుకుంటే ఇంట్లో కప్పులు సాసర్ల మీద నాట్యం చేసేవి. అది చూసి కెప్టెన్ ట్రెంబాత్ (ఓడ లేకపోయినా, గని నడిపే పెద్దని వాళ్ళు కెప్టెన్ అనే అంటారు) ఆయన్ని పైకి తెచ్చి, కూలీలు బట్టలు మార్చుకునే గదిలో పొయ్యి చూసుకునే పని ఇచ్చాడు. ఆ పొయ్యి పుణ్యమా అని మొగుడు రెండు చలికాలాలు గట్టెక్కాడు. టామ్సిన్‌కి లోకంలో కావలసింది ఆ పొయ్యి ఒక్కటే.

అలాంటి రోజుల్లో ప్రొఫెసర్ గారి ఏజెంటు దిగాడు. మందుతో బాగుపడ్డవాళ్ళు సాక్ష్యం చెబితే పత్రికలో పేరు వేయిస్తానన్నాడు. సాక్ష్యం అన్న మాట వినగానే ఊరంతా హానిబల్ వైపు చూసింది. ప్రార్థన మందిరంలో గురువారం జరిగే సాక్ష్యాల కూటంలో, దేవుడు తనని ఎలా బాగుచేశాడో లేచి చెప్పడంలో, ఆయనకున్న పేరు అలాంటిది. సాక్ష్యానికి ఒక పద్ధతుంది. పాతాళంలో మొదలుపెట్టాలి, శిఖరం మీద ముగించాలి. "నేను ముప్పాతిక వంతు రక్షింపబడ్డాను, మిగతాది చూద్దాం" అని ఆ మందిరంలో ఎవడూ అన్న పాపాన పోలేదు. హానిబల్‌కి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆయన గొంతు సవరించుకున్నాడు. దానికే పది నిమిషాలు పట్టింది. తర్వాత చెప్పాడు. శనివారం పత్రికలో పడింది:

"నేను అంధకారపు లోయలో పడి దగ్గుచుంటిని. ఆరు సీసాల వరకు నా హృదయము కఠినముగా నుండెను. ఏడవ సీసాతో వెలుగు చూచితిని. నేడు నాది పసిబిడ్డ రొమ్ము. తొమ్మిది వందల అడుగులు ఎక్కి దిగినను రొప్పను. మహిమ!"

'మహిమ' తీసేసి ఏజెంటు అక్కడ సీసా ధర వేయించాడు.

టామ్సిన్ పత్రిక రెండుసార్లు చదివింది. "ఎప్పుడు తగ్గింది నీకు? కట్టుకున్నదాన్ని, నాకు మాటమాత్రం చెప్పలేదే!"

"తగ్గడమేంటే టామ్సీ," అన్నాడు హానిబల్, దగ్గు తెర దాటాక. "అది సాక్ష్యం. సాక్ష్యం అలాగే చెబుతారు."

సోమవారం కెప్టెన్ ట్రెంబాత్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "చదివానయ్యా, ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. తొమ్మిది వందల అడుగుల లోతున రాయి తొలిచేవాడు లేక ఏడుస్తున్నాను. నీలాంటి రొమ్మే కావాలి!" పొయ్యి పని ఇంకొకరికి వెళ్ళింది. పదిమందిలో చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే భ్రష్టుడంటారు. హానిబల్ మధ్యాహ్నానికి పాస్టీ రొట్టె మూట కట్టుకుని గనిలోకి దిగాడు. సాయంత్రం ఇద్దరు మోసుకొచ్చారు. మర్నాడూ అంతే.

టామ్సిన్ డాక్టర్ మెక్రే దగ్గరికి పరిగెత్తింది. ఆయన హానిబల్ వీపు మీద చెవి పెట్టి విన్నాడు. "ఈ మనిషి కిందికి దిగకూడదమ్మా. కానీ రాసివ్వలేను. ఒక ప్రకటన తప్పని నేను రాసిస్తే, అది నాకు ప్రకటన అవుతుంది. వృత్తి గౌరవం ఒప్పుకోదు."

అక్కణ్ణుంచి పత్రికకి వెళితే, సంపాదకుడు ఇంకా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "తగ్గలేదన్నది వార్త కాదమ్మా. ఊళ్ళో అందరికీ ఉన్నదే."

గురువారం కూటానికి కెప్టెన్ ట్రెంబాతే పెద్ద. మందిరం కిటకిటలాడింది, బాల్సం ఘుమఘుమలాడింది. "మన సహోదరుడు హానిబల్ సాక్ష్యంతో మొదలుపెడదాం" అన్నాడు కెప్టెన్. హానిబల్ లేచాడు, దగ్గాడు, బెంచీ పట్టుకుని కూర్చుండిపోయాడు. టామ్సిన్ లేచింది.

"రేపట్నుంచి ఈయన కిందికి దిగడు కెప్టెన్. ఆ పొయ్యి పని ఈయనకి తిరిగి ఇచ్చెయ్యండి."

"అలా ఎలా కుదురుతుంది సహోదరీ?" కెప్టెన్ నిజంగానే నొచ్చుకున్నాడు. "పూర్తిగా బాగుపడ్డానని ఆయనే సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యాన్ని అక్షరాలా నమ్మడం మన ధర్మం. కాదంటావా?"

"ఎందుకు కాదంటాను? నమ్ముదాం. ముప్ఫయ్యేళ్ళుగా మీరూ అక్కడే నిలబడి, రక్షింపబడ్డాను, పరలోకానికి సిద్ధంగా ఉన్నాను అంటున్నారుగా. మీరే కాదు, ఈ బెంచీల మీదున్న వాళ్ళందరూ అంటున్నారు. అందరినీ రేపు పొద్దున మొదటి షిఫ్టుకే పైకి పంపించేద్దాం. ఎవరెవరు బయల్దేరతారో చెయ్యెత్తండి."

చేతులన్నీ పాటల పుస్తకాల మీదే ఉండిపోయాయి.