మైకు మూస్తే గది గల్లంతు

ఆ ఇంట్లో ఎండా గాలీ వచ్చే గది ఒక్కటే. అందులో ఒక పాత కంప్యూటరు, దాని ముందు ఆలాపనరావు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆలాపన మొదలుపెడితే పాట దాకా ఎన్నడూ చేరడని వీధి వీధంతా కలిసి పెట్టుకున్న పేరు. లిఫ్టులు బాగుచేసి బతికే ఈ మనిషికి ఆ కంప్యూటరే సర్వరు, దాని మీద నడిచే ఇంటర్నెట్ రేడియోయే లోకం.

భార్య కుట్టుమిషను మాత్రం వంటింటి ముందు నడవలో ఉంది. అక్కడ వెలుతురు చాలదు. మొన్న నల్ల చొక్కాకి నీలం దారం పడి, కుట్టిందంతా విప్పుకుంది.

"ఆ గది నాకివ్వండి," అంది.

"రేడియో స్టేషన్ని నడవలో పెట్టమంటావా? జనం వింటున్నారే!"

"ఎంతమందేమిటి?"

తెర మీద చూస్తే ఒక్కరు. "చూశావా!" అన్నాడు గర్వంగా.

"అది మీ జేబులో ఫోను."

తీసి చూస్తే అదే.

పరువు నిలుపుకోవాలని ఆలాపనరావు పందెం వేశాడు. "ఒకే సర్వరు మీద ఎన్ని స్టేషన్లయినా నడపొచ్చు. నీకొకటి, అత్తయ్యగారికొకటి పెడతాను. ఎవరి మైకు వాళ్లది, ఎవరి శ్రోతలు వాళ్లవాళ్లు. ఆదివారం భోజనాల వేళకి ఎవరి దగ్గర ఎక్కువమంది ఉంటే గది వాళ్లది!"

భార్య కుట్టుపని నేర్పడం మొదలుపెట్టింది. అత్తగారు వీధి కబుర్లు అందుకున్నారు. తమ ఇంటి వంతు వచ్చేసిందేమోనని వీధిలో అందరూ చెవులు అప్పగించి కూర్చున్నారు. రెండు స్టేషన్లూ కిటకిటలాడాయి. ఆలాపనరావు లెక్క మాత్రం ఒకటి దాటలేదు. గది పోతే ఇక తన పాటకి వంటింటి గిన్నెలే తాళం వేస్తాయి.

అప్పుడు ఉపాయం తట్టింది. ఒక స్టేషన్ మైకు మూస్తే దాని శ్రోతల్ని ఇంకో స్టేషన్‌కి మళ్లించి, తెరవగానే వెనక్కి పంపే ఏర్పాటు సర్వరులో ఉంది. ముందు పరీక్షగా, తన మైకు మూస్తే శ్రోతలు భార్య స్టేషన్‌కి పోయేలా పెట్టి చూశాడు. జేబులో ఫోను చక్కగా భార్య గొంతు పలికింది. ఇంకేం! భార్యా, అత్తగారూ మైకు మూస్తే వాళ్ల శ్రోతలు తన దగ్గరికి వచ్చేలా కూడా పెట్టేసుకున్నాడు. పరీక్షకి పెట్టింది తీసేయాలన్న సంగతి ఆ సంబరంలో గుర్తే లేదు.

ఆదివారం భార్య ఇస్త్రీ చేసుకోవడానికి మైకు మూసింది. వెంటనే ఓ శిష్యురాలు ఫోన్ చేసింది. "అక్కా, మీ స్టేషన్‌లో ఎవరో మగమనిషికి దెబ్బ తగిలినట్టుంది, మూలుగుతున్నాడు. చూడండి."

భార్యకి ఆ మూలుగు బాగా తెలుసు. తల్లి చెవిలో ఏదో చెప్పి, ఆవిడ మైకు కూడా మూయించి, గది గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఇంతమంది ఎలా వచ్చారండీ?" అంది అమాయకంగా.

ఆలాపనరావు పొంగిపోయాడు. తన మైకు తెరిచే ఉందని మరిచాడు. "నువ్వు నోరు మూస్తే చాలు, నీ జనమంతా నా ఒళ్లో పడేలా తిప్పాను!"

"మరి అమ్మ దగ్గరివాళ్లు?"

"అత్తయ్యగారిదీ ఓ గొంతేనా? లిఫ్టు తలుపు ఇరుక్కున్నప్పుడు వచ్చే కీచు!"

పక్కగదిలోంచి ఆ కీచే పలికింది. "అల్లుడుగారూ! నేను వింటున్నాను. వీధంతా వింటోంది."

ఆలాపనరావు ఉలిక్కిపడి మైకు మూసేశాడు. తెర మీద అతని శ్రోతలు ఒక్కరూ మిగలకుండా మాయమయ్యారు. అతని జేబులోంచి భార్య గొంతు వినబడింది. ఆవిడ అప్పటికే నడవలోకి వెళ్లి తన మైకు తెరిచింది.

"అందరూ నా దగ్గరే ఉన్నారండీ. మీరు మైకు తెరిస్తే మీవాళ్లు మీకు వచ్చేస్తారు. అందరూ వింటుండగా అమ్మకి ఆ లిఫ్టు తలుపు సంగతేమిటో చెప్పుకోండి."

ఆలాపనరావు చెయ్యి మైకు దాకా వెళ్లింది. గుమ్మంలో అత్తగారు గరిటెతో నిలబడి ఉన్నారు. చెయ్యి వెనక్కి వచ్చేసింది. "భోజనాల వేళయింది, పందెం తేలిపోయింది," అన్నారావిడ.

కుట్టుమిషను అతనే మోసుకొచ్చి కిటికీ పక్కన పెట్టాడు. సర్వరు నడవలోకి చేరింది. సాయంత్రం అతను, తన మైకు మూస్తే శ్రోతలు భార్యకి పోయే ఆ పరీక్ష ఏర్పాటు తీసేద్దామని కూర్చుంటే, భార్య దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"అది ఉంచండి. ఇన్నాళ్లకి మీరు సరిగ్గా చేసిన పని అదొక్కటే."