ఛాతీ ఎత్తున రిబ్బను

పైగా వంగడంలో అవమానం ఏముంది, నాట్లు వేసేవాళ్లు వంగరా, బిడ్డకు చెప్పులు తొడిగే తండ్రి వంగడా అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ దేవసహాయం రోజూలాగే రిబ్బను కింద నుంచి దూరి, రైతుల ఉమ్మడి ఆహార శుద్ధి కేంద్రంలోకి పనికి వెళ్లాడు.

భట్టిప్రోలు నుంచి చెరుకుపల్లి వెళ్లే దారిలో ఈ కేంద్రం వెలిసి పదకొండు నెలలైంది. అరటికాయల్ని ముక్కలు కోసే యంత్రం, వాటిని ఆరబెట్టే యంత్రం, నిమ్మరసం తీసే యంత్రం అన్నీ సిద్ధం. ప్రారంభోత్సవం ఒక్కటే మిగిలింది. మొదటిసారి ముఖ్య అతిథికి తీరిక లేకపోయింది. రెండోసారి ఎన్నికల కోడ్ వచ్చింది. మూడోసారి ఫ్లెక్సీలో ఎవరి తల పెద్దదిగా ఉండాలో తేలలేదు. తేలేవరకు గుమ్మానికి అడ్డంగా ఛాతీ ఎత్తున కట్టిన రిబ్బను యథాతథంగా ఉంచవలెనని కమిటీ తీర్మానించింది. రంగు వెలిసినప్పుడల్లా కొత్తది కట్టే బాధ్యత ఆపరేటరైన దేవసహాయానిది.

అంతమాత్రాన కేంద్రం పనిచేయడం లేదనుకుంటే పొరపాటు. కమిటీ సమావేశాలన్నీ లోపలే జరిగేవి. పెద్దలందరూ రిబ్బను కింద నుంచే వంగి వచ్చేవారు. మూడు నెలలకొకసారి ఉత్పత్తి ఫొటో పైకి పంపాలి గనుక, తెనాలిలో కొన్న అరటి చిప్స్ యంత్రం మూతి దగ్గర పోసి ఫొటో తీసేవారు. ఆ పైన సభ్యులు వాటిని తిని నాణ్యత పరిశీలించేవారు. ఉప్పు కాస్త ఎక్కువైందని వారిలో వరప్రసాదం గారు ఒకసారి తెలిపిన అసమ్మతి మినిట్స్‌లో నమోదైంది. ఇన్ని నెలల్లో యంత్రాల మీద ఒక్క మరకైనా పడనందుకు పరిశుభ్రతా ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

దేవసహాయానికి మాత్రం ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. ఇంటి గుమ్మం దగ్గరా వంగుతున్నాడు. చర్చిలో అందరూ నిలబడి పాడుతుంటే తను నేల చూపులు చూస్తున్నాడు. వంగింది నడుమేనా, లోపల ఇంకేదైనానా? ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎముకలన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఆ మాటకే అతనికి ఎక్కువ భయం వేసింది.

మొన్నటి గాలివానకు అతని తమ్ముడి కౌలు చేలో అరటితోట మొత్తం నేలకొరిగింది. పడిన గెలను కొనే వ్యాపారి లేడు. ముక్కలు కోసి ఆరబెడితే నిలవుంటాయి, లేకపోతే నాలుగు రోజుల్లో కుళ్లి ఎరువే. మూడో రోజు పొద్దున తమ్ముడి భార్య హెప్సిబా, నెత్తిన పచ్చికాయల గంపతో గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

దేవసహాయం కమిటీ ప్రెసిడెంటు జనార్దనరావు గారికి ఫోన్ చేశాడు.

"కేంద్రం రైతులదేనయ్యా, అందులో రెండో మాట లేదు," అన్నారాయన. "అందుకే రైతుల చెయ్యి పడకుండా చూసుకో. మొదటి కాయ అతిథిగారి చేత్తోనే వెయ్యాలి."

దేవసహాయం ఫోన్ జేబులో పెట్టుకుని, "గంప దించి, వంగి రామ్మా. లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

"నేల మీద పడ్డవి ఏరి నెత్తికెత్తుకొచ్చాను బావగారూ. మళ్లీ నేల మీదే పెట్టమంటారేంటి?" అంది హెప్సిబా. "మీరంటే ఉత్త చేతులతో వస్తారు, వంగుతారు. నెత్తిన బరువున్నోళ్లు వంగేదెట్టాగండి?"

అతను ఆలోచించాడు. పళ్లెంలో వెల్వెట్ గుడ్డ మీద పెట్టిన కత్తెర ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అయినా కత్తిరించే అధికారం తనకు లేదు. ముడి విప్పరాదని మాత్రం ఏ తీర్మానంలోనూ లేదు. ఆ ముడి వేసింది కూడా తనే. విప్పాడు.

హెప్సిబా గంపతో సహా నిటారుగా లోపలికి నడిచింది. వెనకే దేవసహాయం వంగి వెళ్లాడు.

"ఏంటి బావగారూ, లేనిదానికి కూడా వంగుతున్నారే," అని ఆమె నవ్వింది.

అతను యంత్రం స్విచ్ వేశాడు.

ఊళ్లో ఎవరూ ఎరగని చప్పుడు కావడంతో, ఏదో ప్రమాదం జరిగిందని జనార్దనరావు గారు కమిటీని వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గుమ్మం దగ్గర అందరూ ఆగారు. ఆనవాయితీ ప్రకారం ఒకరి వెనక ఒకరు నడుములు వంచి, తలలు తగలకుండా జాగ్రత్తగా లోపలికి దూరారు. దూరాక, కండువాలు సర్దుకున్నారు.

"రిబ్బను ఏదయ్యా?" అన్నారు జనార్దనరావు గారు.

దేవసహాయం అలవాటుగా వంగే బయటికి వెళ్లాడు. వెనక్కి తిరిగి, గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, ఈసారి నిలువుగా లోపలికి నడిచాడు.