అమ్మకానికి పెట్టాకే అది ఇల్లయింది

ప్రతి మనిషీ ఏడాదికి ఒక్కసారైనా తన ఇంటిని అమ్మకానికి పెట్టి తీరాలి. అమ్మనక్కర్లేదు. పెడితే చాలు!

నవ్వకండి. రెండు వారాలుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. సంసారం చక్కబడడానికి ఇంతకు మించిన దారి నాకు తట్టలేదు.

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు యాభై నాలుగు. లెక్కపెట్టింది నేను కాదు, మా ఆవిడ మోకాలు. "ఇక మెట్లు మానెయ్యండమ్మా" అన్నాడు డాక్టరు. "మానేసి ఎగరమంటారా?" అంది మా ఆవిడ.

రెండు వీధుల అవతల కింది అంతస్తులో ఇల్లొకటి అమ్మకానికి ఉందని తెలిసి వెళ్ళాం. గుమ్మానికి ఒకటే మెట్టు. మా ఆవిడ దాన్ని ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. "ఇదేనండీ" అంది. లోపల చూడనేలేదు! మీది అమ్ముడుపోతేనే చూపిస్తానని, నెలాఖరు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారని చెప్పాడు బ్రోకరు. అంటే మా ఆవిడ మోకాలు ఇరవై రోజుల గడువులో పడిందన్నమాట.

ఈ బ్రోకరుకు మా ఇంట్లో మందహాసం అని పేరు. ఏ మాటైనా నవ్వుతూనే చెబుతాడు. మా ఇల్లంతా తిరిగి చూసి, నవ్వుతూ అన్నాడు:

"ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి మీరిక్కడ ఉంటున్నట్టు కనపడకూడదు సార్."

"మరి ఎవరున్నట్టు కనపడాలండీ?"

"ఎవరూ లేనట్టు. కానీ చాలా సుఖంగా ఉన్నట్టు."

ఆహా! 'నాది' అన్నది వదులుకోమని పెద్దలు ఎన్నిసార్లు చెప్పారు! ముప్పై ఏళ్ళుగా రోజూ దీపం పెట్టి వేడుకుంటున్నా నాకు అబ్బని వైరాగ్యాన్ని ఈయన అరగంటలో అంటగట్టాడు. ఇది వరం కాక మరేమిటి?

ఇంతకీ మా ఇంటి సంగతి మీకు తెలియదు. వంటింటి కొళాయి పదకొండేళ్ళుగా కారుతోంది. పడకగది తలుపును భుజంతో కాస్త ఎత్తి తోయాలి. హాల్లో లైటు వేయాలంటే స్విచ్చును ఒకసారి నొక్కి, ఊరుకుని, అది మరిచిపోయిందనుకున్నాక మళ్ళీ నొక్కాలి. స్నానాల గదికి గడియ పడదు. అందుకని లోపలున్నవాళ్ళు దగ్గుతూ ఉండాలి. పాట వచ్చినవాళ్ళు పాడుకోవచ్చు.

ఇవన్నీ ఒక్కరోజులో బాగుపడ్డాయి! కొళాయికి ప్లంబరు ఏడు నిమిషాలు తీసుకున్నాడు. అందులో రెండు నిమిషాలు సంచీలో వాషరు వెతుక్కోవడానికే.

మా ఆవిడ ఆ కొళాయి ముందు చాలాసేపు నిలబడింది.

"పదకొండేళ్ళు చెప్పాను" అంది.

"చెప్పావు" అన్నాను.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు వస్తున్నారంటే ఏడు నిమిషాల్లో అయిపోయింది. నేనూ మీకు తెలియనిదాన్నే అయ్యుంటే ఎంత బాగుండేదో!"

ఇదివరకు ఇలాంటప్పుడు చుక్కల చప్పుడైనా నాకు తోడుండేది. ఇప్పుడు అదీ లేదు.

ఇక సామాను. ఆదివారం పొద్దున్నే మా బావమరిది వ్యాను తెచ్చాడు. ఇల్లు చూసేవాళ్ళు వచ్చి వెళ్ళేదాకా మా సంసారం అందులో ఎక్కి వీధుల్లో ఊరేగుతుందని ఏర్పాటు. బక్కెట్లు, పాత పత్రికలు, మందుల డబ్బాలు, అన్నీ ఎక్కాయి.

"బావగారూ, ఈ మూడుకాళ్ళ కుర్చీని కూడా ఎక్కించాలా?" అన్నాడు.

"అది నాలుగుకాళ్ళ కుర్చీరా!"

"మూడేగా ఉన్నాయి?"

"నాలుగోది అటక మీదుంది. అతికిద్దామని."

"ఎప్పట్నించి?"

"నీ పెళ్ళికి ముందునుంచి" అంది మా ఆవిడ లోపలినుంచి.

చివరికి మందహాసం వచ్చి హాలు గోడకేసి చూశాడు. "దేవుడి పటం కూడా తీసేస్తే మంచిది సార్. ఆ చోట వచ్చినవాళ్ళు వాళ్ళ దేవుణ్ణి ఊహించుకోవాలి."

పటం దించాను. అలాగని స్వామిని కుర్చీతో పాటు వ్యానెక్కించలేను కదా! బీరువాలో, ఇస్త్రీ బట్టల మధ్య, ముఖం ఇటువైపు ఉండేలా పెట్టాను. తలుపు వేసేముందు చెంపలు వేసుకున్నాను. మూసిన తలుపుల వెనక ఏముందో చూడగలిగిన వాడు, మూసిన తలుపు లోపలినుంచి బయటికి చూడలేడా? చూడగలడనే నా నమ్మకం. చూస్తే ఏమనుకుంటాడన్నదే నా భయం.

ఒక కుర్ర జంట వచ్చింది. మేమిద్దరం సోఫా అంచున కూర్చున్నాం. వెనక్కి వాలితే దిండు నలుగుతుందని మా ఆవిడ ఆజ్ఞ. ఆ అమ్మాయి కొళాయి తిప్పింది, కట్టింది. ఒక్క చుక్క పడలేదు! పరీక్ష పాసైన పిల్లల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఈ ఇంట్లో ఉండేవాళ్ళు ఎంత అదృష్టవంతులో!" అంది ఆ అమ్మాయి.

ఎవరా అని మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

బేరం కుదిరింది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ సాయంత్రమే మందహాసం మమ్మల్ని ఒక్క మెట్టు ఇంటికి తీసుకెళ్ళాడు.

లోపల అడుగు పెట్టగానే నాకేదో తెలిసిన చోటికి వచ్చినట్టనిపించింది. గోడలు తళతళలాడుతున్నాయి. బల్ల మీద ఒక్క కాగితం లేదు. ఎవరూ ఉంటున్నట్టు లేదు, చాలా సుఖంగా ఉన్నట్టుంది. సోఫా అంచున మా వయసు దంపతులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దిండ్లు నలగలేదు.

బట్టలకు చోటు చాలుతుందో లేదోనని మా ఆవిడ గోడ బీరువా తలుపు తీసింది.

ఇస్త్రీ బట్టల మధ్యనుంచి, ముఖం ఇటువైపు పెట్టుకుని, స్వామి మమ్మల్నే చూస్తున్నాడు!

మా ఆవిడ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఆ ఇల్లాలు కొంగుతో మొహం దాచుకుంది. మందహాసం మొహంలో మొదటిసారి నవ్వు మాయమైంది.

మా ఆవిడ వెళ్ళి ఆ ఇల్లాలి పక్కన కూర్చుంది. దిండు నలిగేలా హాయిగా వెనక్కి వాలింది.

"వదినగారూ, ఏ కొళాయి కారేది?"

"వంటింటిది. మొన్ననే బాగుచేయించారు."

"ఎన్నేళ్ళకి?"

"తొమ్మిది."

"మాది పదకొండు" అంది మా ఆవిడ, కాస్త గర్వంగానే.

మగవాళ్ళమిద్దరం పైకప్పు కేసి చూశాం. పైకప్పు చాలా బాగుంది.

ఆ తర్వాత ఆ ఇల్లాలే లేచి పూలకుండీ పక్కకు జరిపి గోడ చెమ్మ చూపించింది. వానాకాలంలో వెనక కిటికీ బిగుసుకుంటుందని కూడా చెప్పింది. అన్నీ విన్నాకే మేం ఆ ఇల్లు ఖాయం చేసుకున్నాం.

మనసు ఊరుకోక, ఇంటికి రాగానే కుర్ర జంటకు ఫోను చేశాను. వానకు మా బాల్కనీ తలుపు ఉబ్బుతుందని చెప్పాను. "తెలుసండీ," అన్నాడా అబ్బాయి. "మీరు అంత బిగుసుకుని కూర్చున్నారని మొహమాటపడి అడగలేదు."

స్వామిని బీరువాలోంచి తీసి గోడకు పెట్టాను. మా ఆవిడ దీపం వెలిగించి, మోకాలు తడుముకుంటూ అంది:

"ఏమండీ, ఆ ఇంట్లో దిగిన రోజే గుమ్మానికి 'అమ్మబడును' అని బోర్డు కట్టేద్దాం."

"అదేంటి! అప్పుడే అమ్మేద్దామంటావా?"

"అమ్మడానికి కాదు. ఆ బోర్డు కనపడితే తప్ప మీ చేతికి స్క్రూడ్రైవరు రాదు కదా!"