కోకిల మేడం పేరుపలక

ఒక పెద్ద అడవిలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉండేది. అందులో గూళ్ల శాఖకు అధిపతి కోకిల మేడం. ఆవిడ జన్మలో ఒక్క గూడు కట్టిన పాపాన పోలేదు. గుడ్లన్నీ కాకి గూట్లోనే పెట్టింది. ఆ అనుభవంతోనే డాక్టరేట్ కూడా సంపాదించింది.

ఆ ఏడు సింహం ఒక జీవో తెచ్చింది. ఇకమీదట పట్టా ఉన్నవాళ్లు కట్టిన గూట్లోనే పక్షులు గుడ్లు పెట్టాలట.

గిజిగాడి గుండెల్లో రాయి పడింది. పాపం, అప్పటికే అతను అల్లిన గూడు తాయారుకు నచ్చింది. తాయారంటే అతను మనసు పడిన ఆడ గిజిగాడు. లోపలికి దూరి, నాలుగు పక్కలా ముక్కుతో లాగి చూసింది కూడా.

"గూడు బాగానే ఉంది. పట్టా ఏదీ?" అంది. "వానలు పడేలోగా తెచ్చుకో. నాకోసం కాదు, గుడ్ల కోసం."

గిజిగాడు పరుగున వెళ్లి డిగ్రీలో చేరాడు. అడవిలో డిగ్రీ ఆర్నెల్లే. ప్రాక్టికల్ పరీక్షకు తన గూడే పట్టుకెళ్లాడు.

"ద్వారం కింద పెట్టావేమిటయ్యా?" అంది కోకిల.

"పాము దూరకుండా మేడం."

"సిలబస్‌లో పాము లేదు. కాకి గూడు పైకి తెరుచుకుని ఉంటుంది, నేను స్వయంగా చూశాను. నువ్వు ఫెయిల్."

"మళ్లీ పరీక్ష ఎప్పుడండీ?"

"వానలు వెలిశాక, సప్లిమెంటరీ."

ఇంతలో గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. శాఖలో చూపించడానికి ఒక్క గూడూ లేదు. కోకిల ఆ ఫెయిలైన గూటినే తుమ్మకొమ్మకు వేలాడదీయించి, పక్కన 'నిర్మాణం: డాక్టర్ కోకిల' అని పేరుపలక కట్టించింది.

తనిఖీకి వచ్చిన ఏనుగు మురిసిపోయింది. 'ఏ' గ్రేడు ఇచ్చి, "ఈ గూడు కదపొద్దు. వచ్చే ఏడు మళ్లీ చూస్తాను" అని చెప్పి వెళ్లింది.

తాయారు అటుగా వచ్చి కొమ్మ మీద వాలింది. ఆ అల్లిక ఎవరిదో చూడగానే పోల్చుకుంది. పేరుపలక రెండుసార్లు చదివి, లోపలికి దూరింది. నాలుగు రోజులకు మూడు గుడ్లు.

కోకిల లబోదిబోమంది. "నా గూట్లో ఇంకొకరి గుడ్లా? ఇదేం న్యాయం?"

ఆ మాటకు కాకి కొమ్మ మీంచి కిందపడి మరీ నవ్వింది.

"జీవో ప్రకారమే పెట్టాను మేడం," అంది తాయారు. "పట్టా ఉన్నవారు కట్టిన గూడేగా ఇది? కాదంటారా?"

కాదంటే గ్రేడు పోతుంది.

వానలు కురిశాయి. పిల్లలు ఎగిరాయి. గిజిగాడు సప్లిమెంటరీలోనూ ద్వారం కిందే పెట్టి, మళ్లీ ఫెయిలయ్యాడు.

నీతి: గూడు అల్లడం వస్తే చాలదు, దాన్ని కాజేసేవారికి మంచి పట్టా ఉండాలి.