తాళాలాయన కొత్త కళ్లజోడు

తాళాలాయనకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. ఫోన్‌లో వినే అపరాధ పరిశోధన కథలో నాటకాల కంపెనీ యజమానిని ఎవరు చంపారో అంతుపట్టడం లేదు. విందామంటే తీరికుండేది సాయంత్రాలే. భార్యకు రోజంతటి కబుర్లు గుర్తొచ్చేదీ అప్పుడే.

ఆవిడకు తెలియకుండా వినే సాధనం కోసం షాపుకెళ్లాడు. చెవిలో దూర్చుకునే బుడిపెలు కనిపించిపోతాయి. మెడకు వేసుకునే పట్టీ చూస్తే ఇదేంటని అడుగుతుంది. చివరికి కాడల్లో స్పీకర్లు దాచిన కళ్లజోడు ఆయన మనసు దోచింది.

కొనేశాక పరీక్షించి చూడాలిగా! తన కొట్లో తాళంచెవులు కోసే మిషన్ గరగరలాడుతుండగానే జోడు పెట్టుకుని, అందులో కథ పెట్టి, పక్కకొట్టు టైలర్‌ని పిలిచాడు.

"బావా, ఏమైనా వినిపిస్తోందా?"

"నీ మిషన్ మోత వినిపిస్తోంది."

తాళాలాయన సౌండు ఇంకాస్త పెంచాడు. "ఇప్పుడో?"

"అబ్బే!"

ఆయన పొంగిపోయాడు.

ఇంటికెళ్లగానే భార్య ఆగి చూసింది. "కళ్లజోడెందుకండీ? నిన్న సూదిలో దారం ఎక్కించింది మీరేగా?"

"సన్నపని కదే, కళ్లు లాగుతున్నాయి."

ఆయన పేపరు పట్టుకుని కూర్చోగానే ఆవిడ ఉల్లిపాయల పళ్లెం తెచ్చుకుని భుజం తగిలేలా పక్కనే కూర్చుంది. రోజూ అదే వరస. కబుర్లూ తగ్గాయి. జోడు తనకు అంత నప్పిందా అని ఆయన అద్దంలో చూసుకుని మురిసిపోయాడు కూడా.

కథ మంచి పట్టు మీదున్నప్పుడు మాత్రం ఆవిడ ఏదో ఒకటి అడిగేది.

"మా అమ్మని కొన్నాళ్లు రమ్మననా?"

"ఊఁ."

"వంటింటి గోడలకు మీరే రంగు వేస్తారుగా?"

"ఊఁ ఊఁ."

ఆఖరి భాగం రానే వచ్చింది. పరిశోధకుడు అందర్నీ స్టేజీ మీదికి పిలిచాడు. "హంతకుడు మీలోనే ఉన్నాడు. అతడి పేరు..."

జోడు మూగబోయింది. ఛార్జింగ్ అయిపోయింది. అయినా తాళాలాయన ఏమీ ఎరగనట్టు పేపర్లో తలదూర్చాడు.

"అయ్యో! పేరు చెప్పకుండా ఆగిపోయిందేంటండీ?" అంది భార్య.

పేపరు ఉల్లిపాయల్లో పడింది. "నీకు... వినిపిస్తోందా?"

"మొదటిరోజు నుంచీ! మీ మిషన్ మోతలో పెట్టిన సౌండు ఇంట్లోనూ అలాగే ఉంచితే వినపడదూ?"

ఇంతలో పక్కింటి కిటికీలోంచి ఆత్రంగా ఒక గొంతు. "వదినా, ఇంతకీ చంపిందెవరట?"

"ఉండు వదినా, చెప్తా!" అంటూ భార్య ఆయన జేబులోంచి ఫోన్ లాగి బల్లమీద పెట్టింది. "రేపు అమ్మ వస్తోంది. రంగు డబ్బా వంటింట్లోనే ఉంది, మీరు మొదలుపెట్టండి."

"నేనెప్పుడు ఒప్పుకున్నానే?"

"రెండింటికీ ఊఁ కొట్టారుగా! వినలేదంటారా, అయితే అప్పుడేం వింటున్నారో మీరే చెప్పండి."

తాళాలాయన నెమ్మదిగా లేచి, వంటింట్లోకెళ్లి, బ్రష్షు తీసుకుని గోడవైపు తిరిగాడు. వెనక ఫోన్‌లో పరిశోధకుడు గొంతు సవరించుకున్నాడు.

"కాస్త సౌండు పెంచవే," అన్నాడు తాళాలాయన.