కోటు కప్పుకున్న పెట్రోలు డబ్బా

ఆ ఉదయం బార్బెలే పథకం చాలా చిన్నది. పారిస్ పొలిమేరలో పందెం బండి ఎక్కాలి, పాత ప్రత్యర్థి గాస్కార్ కంటే ముందు లియోన్‌లో దిగాలి. కానీ ముందురోజు బండి యజమాని పిలిచి, "ఈసారి కూడా గాస్కార్ దుమ్మే తింటే స్టీరింగు చక్రం మా మేనల్లుడికి ఇచ్చేస్తా" అన్నాడు. అప్పటినుంచి బార్బెలేకి లోకమంతా గాస్కార్ మనుషులే కనిపిస్తున్నారు. పొద్దున కాఫీ కూడా వాసన చూసిగానీ తాగలేదు.

అలాంటి మనిషి కంట్లో ఫిర్మిన్ పడ్డాడు. పందెంలో పక్కన కూర్చుని ఇంజను చూసుకునే మెకానిక్కు అతనే. పెట్రోలు డబ్బాల్లో ఒకదాన్ని తన కోటులో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కాళ్ల దగ్గర సర్దుకుంటున్నాడు.

"అదొక్కటీ వేరేగా ఎందుకురా?"

"దాన్ని ముట్టుకోకండి గురువుగారూ. అవసరమైతే నేనే పోస్తా" అన్నాడు ఫిర్మిన్, మొహం పక్కకి తిప్పుకుని.

ఇందాకే వీడు గాస్కార్ ఇచ్చిన సిగరెట్టు కాల్చాడు. బార్బెలేకి లెక్క తేలిపోయింది. వీణ్ణి కొనేశారు, డబ్బాలో ఉన్నది నీళ్లు. నిలదీస్తే అలిగి పోతాడు, మెకానిక్కు లేని బండిని పందెంలోకి రానివ్వరు. అందుకని ఫిర్మిన్ నూనె తేవడానికి వెళ్లగానే ఆ డబ్బాను గాస్కార్ డబ్బాల మధ్య పెట్టి, అచ్చం అలాంటిదే అక్కణ్ణుంచి తెచ్చి కోటులో చుట్టేశాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడాలన్నది అతని న్యాయం.

గాస్కార్ ముందు బయల్దేరాడు, వెనక ఇతను. మధ్యాహ్నానికి ఒక ఊరొచ్చింది. ఊళ్లలో వేగం పనికిరాదు. సైకిలు మీద పందెం అధికారి ముందు పోతుంటే ఆ వెనకే మెల్లగా నడపాలి, ఇచ్చిన గడువులో ఊరు దాటాలి. ఆ మెల్లటి నడకలో ఫిర్మిన్ కోటు మూటను దారిపక్కన తనకోసం కాచుకున్న ముసలాయనకి అందించాడు. సాక్ష్యం మాయం చేస్తున్నాడని బార్బెలే లోలోపల నవ్వుకున్నాడు. అంతలో ఊళ్లోకొచ్చే సరుకు మీద పన్ను వసూలు చేసే సుంకం జవాను అడ్డొచ్చాడు.

"ఏముంది అందులో?"

"పెట్రోలండీ" అన్నాడు ఫిర్మిన్.

"పెట్రోలుకి కోటెందుకు, చలేస్తోందా?" అని జవాను మూత తీసి వాసన చూశాడు. "పెట్రోలే" అన్నాడు నీరసంగా.

"పెట్రోలా?" ఫిర్మిన్ డబ్బా లాక్కుని తానూ వాసన చూశాడు. "మరి మా అమ్మ కాచిన ద్రాక్ష సారా ఏదీ? రేపు చెల్లెలి పెళ్లండీ, ఇంట్లో పెళ్లయితేనే అమ్మ అది కాస్తుంది."

సుంకం కట్టని సారా మాట చెవిన పడ్డాక ఏ జవానూ ఊరుకోడు. బండిలో మేకు మేకూ తిప్పి చూసి వదిలేసరికి, గడువు మీద మరో అరగంట పోయింది.

బార్బెలేకి మాత్రం దిగులు లేదు. సారా పోసుకున్న గాస్కార్ ఎక్కడో చతికిలపడి ఉంటాడని ప్రతి మలుపులోనూ ఆశగా వెతికాడు. ఎక్కడా కనబడలేదు.

లియోన్‌లో కనబడ్డాడు, మెడలో పూలదండతో. "చివరి కొండ మీద అందరి ఇంజన్లూ మరిగిపోయాయి. నేను ఆఖరి డబ్బా పోశాక నాది పాడుకుంటూ ఎక్కేసింది" అని విలేఖర్లకి చెబుతున్నాడు.

యజమాని బార్బెలేని పక్కకి లాగాడు. "వాడు పోసిందేమిటో కనుక్కో. చెప్పగలిగితే చక్రం నీదే. లేదంటే మా మేనల్లుడిది."

చెబితే, పక్కవాడి డబ్బాల్లో చెయ్యిపెట్టినందుకు జన్మలో పందెం గడప తొక్కనివ్వరు. దొంగకు తేలు కుట్టినట్టయింది బార్బెలేకి. తిన్నగా ఫిర్మిన్ దగ్గరికి వెళ్లి, జీవితంలో మొదటిసారి తన సిగరెట్టు ఒకటి ఇచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరే ఫిర్మిన్, మీ ఇంట్లో పెళ్లికావలసిన చెల్లెళ్లు ఇంకా ఎంతమంది ఉన్నార్రా?"