నీలి కన్ను కింద ఎర్ర దీపం

ఇలా రండే అమ్మాయిలూ. ఆ బఠాణీల గంప కూడా లాక్కురండి, చేతులు వలుస్తుంటే చెవులు వింటాయి. ఇంకా దగ్గరికి జరగండి. గట్టిగా చెబితే మెత్వల్లికి వినిపిస్తుందని కాదు, వినిపిస్తే వినిపించనీ! తలుచుకుంటే నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఇక కట్టుకున్న తఫీదాకు మండదా?

ఈజిప్టులో ఇంకెక్కడో కాదు, మన దమన్‌హూర్‌లోనే, మన సందులోనే, తఫీదా మొగుడు మెత్వల్లి ఒక ముసలి తెల్ల కారు కొన్నాడు. కారు కొంటే దిష్టి తగలకుండా అందరూ పొట్టేలును కోస్తారు. ఈయన కోడిని కోశాడు. ఆ నెత్తుటిలో అరచెయ్యి ముంచి బానెట్ మీద ముద్ర వేయబోతే, చెయ్యంతటికీ చాలక మూడు వేళ్ళే పడ్డాయి. అద్దానికి నీలిపూసలు కట్టి, కారుకు ‘పెళ్ళికూతురు’ అని పేరు పెట్టాడు.

"నన్ను పెళ్ళినాడైనా ఆ మాటతో పిలవలేదు కదయ్యా!" అంది తఫీదా.

"అప్పుడు నీకు హారన్ లేదుగా!"

"ఇప్పుడుంది, విను," అని ఆవిడ వేసిన కేకకు కాఫీ కొట్టులో డొమినోలు ఆడేవాళ్ళు పావులు జారవిడిచారట.

ఆ పెళ్ళికూతురికి ఒకటే జబ్బు, నూనె తాగడం. ఇంజిన్ ఆయిల్ పోసిన వారానికే మళ్ళీ ఖాళీ. స్టీరింగ్ ముందు ఎర్ర దీపం వెలిగేది. తఫీదా పక్కన కూర్చున్నప్పుడల్లా దాన్ని చూసేది.

"ఆ ఎర్ర దీపం ఏమిటయ్యా?"

"నూనె అడుగుతోంది."

"అడిగితే పొయ్యవేం?"

"ముసలి బండికి అలవాటు చేస్తే రోజూ అడుగుతుందే. కాస్త కడుపు మాడిస్తే దారికొస్తుంది."

"నిన్ను ఒక పూట మాడిస్తే నువ్వు దారికొచ్చావా? రావియా పురిటికి వెళ్ళాలి, పొయ్యి!"

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రావియా దసూక్‌లో ఉంటుంది. నెలలు నిండి ఉన్నాయి. రోజూ పోరు పడలేక మెత్వల్లి ఒక ఉపాయం చేశాడు. సంతలో నీలి కన్ను బొమ్మ స్టిక్కర్ ఒకటి కొని, సరిగ్గా ఆ దీపం మీద అంటించాడు.

"చూశావా, నూనె పోశాను, దీపం ఆరింది. పైగా దిష్టి తగలకుండా కన్ను కూడా పెట్టాను," అన్నాడు.

పిచ్చిది నమ్మింది. నమ్మడమే కాదు, ఆ రాత్రి మొగుడికి పండగపూట చేసినట్టు పావురాల్లో గోధుమరవ్వ కూరి వండిపెట్టింది. ఆ పావురాలను తలుచుకునే ఆవిడ ఇప్పటికీ పళ్ళు నూరుతుంది.

రావియాకు మగబిడ్డ పుట్టాడు. ఏడో రోజు వేడుకకు అమ్మమ్మ ఇత్తడి రోలూ రోకలీ తీసుకెళ్ళాలి. బిడ్డను జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర రోలు దంచి బుద్ధులు చెప్పాలి. అమ్మమ్మ లేకుండా అది జరగదు, సాయంత్రం ప్రార్థన పిలుపులోగా జరగాలి.

తఫీదా రోలును ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. వెనక పక్కింటి హిక్మత్ కూర్చుంది. మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు. రావియాను ఎత్తుకుని పెంచింది సగం ఆవిడే. తలకు కొత్త రుమాలు కట్టుకుని, వేయించిన శనగలూ మిఠాయిలూ సంచిలో పెట్టుకుని, ఎక్కుతూ ఎక్కుతూ మురిసిపోయి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో మీ కారు!" అంది. మెచ్చుకున్నప్పుడు దిష్టి తగలకుండా అనే మాషా అల్లా మాత్రం అనడం మరిచిపోయింది. అంతే, పాపం.

కాలవగట్టు ఎక్కాక టంగ్, టంగ్ అని మొదలైంది.

"తఫీదా, రోలు దొర్లుతున్నట్టుంది," అంది హిక్మత్.

"రోలు నా ఒళ్ళోనే ఉందే!"

ఇద్దరూ మెత్వల్లి వంక చూశారు. మెత్వల్లి రోడ్డు వంక చూశాడు. టంగు టంగు కాస్తా దడదడ అయింది, మాడు వాసన వచ్చింది, తెల్లపొగ లేచింది, కీచుమని ఒక్క మూలుగు మూలిగి పెళ్ళికూతురు కాలవగట్టు మీద ఆగిపోయింది. ఇంజిన్ పట్టేసింది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే.

మెత్వల్లి బానెట్ ఎత్తి, లోపల ఏదో చదువుతున్నట్టు తల ఊపాడు. నిజం చెబితే పెళ్ళాం బతకనివ్వదు. చుట్టూ చూశాడు. వెనక సీట్లో హిక్మత్ కనిపించింది.

"దిష్టి!" అన్నాడు. "ఎక్కేటప్పుడు ఏమందో విన్నావా? అల్లా పేరు తలిచిందా? నిక్షేపంలాంటి ఇంజిన్, ఒక్క చూపుకి కాలిపోయింది!"

తఫీదాకు అప్పటికే ఒళ్ళు తెలియడం లేదు. అవతల మనవడు, ఇవతల పొద్దు వాలుతోంది. ఆ కోపం వెళ్ళి హిక్మత్ మీద పడింది.

"ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? నా మనవడి వేడుక నాకు లేకుండా చేశావు కదే!"

"నా కళ్ళా?" అంది హిక్మత్. "రావియాను ఈ కళ్ళతోనే కదక్కా చూసి పెంచాను! అప్పుడు తగలని దిష్టి ఈ డొక్కు డబ్బాకు తగిలిందా?"

"డొక్కు అంటోంది, చూడు! మళ్ళీ దిష్టి పెడుతోంది!" అని మెత్వల్లి ఎగదోశాడు. "ఆవిడ పేరున కాగితం బొమ్మ చేసి సూదితో పొడిచి కాల్చాలి. ఆవిడ రుమాలు పీలిక కూడా కాల్చాలి, అప్పుడు గానీ విడవదు."

హిక్మత్ తన కొత్త రుమాలు అంచు పళ్ళతో పట్టి పర్రున చించి అతని మీద విసిరింది. "కాల్చుకో!"

తఫీదా శనగల పొట్లం కాగితంతో బొమ్మ చించింది. పొడవడానికి సూది లేదు, ఇద్దరివీ ముడేసుకునే రుమాళ్ళు, పిన్నులూ లేవు. ఇంజిన్ పక్కన ఉంగరంలాంటి పిడితో సన్నటి కడ్డీ ఒకటి కనిపించింది. తన రుమాలు కొంగు చుట్టి పట్టుకుని సర్రున లాగింది.

"అది ముట్టుకోకు!" అని మెత్వల్లి చావుకేక పెట్టాడు.

"ఎందుకయ్యా అంత భయం? నిన్నేం పొడవడం లేదుగా!"

హిక్మత్ కళ్ళు తుడుచుకుని ఆ కడ్డీ వంక చూసింది. "అది సూది కాదక్కా, నూనె చూసే కడ్డీ. మా ఆయన మైక్రోబస్సు నడిపేటప్పుడు రోజూ తెల్లారి లాగి చూసేవాడు. కొన నుంచి నూనె కారాలి. ఇదేమిటి, పెనం మీద మాడిన అట్లకాడలా ఉంది?"

తఫీదా కడ్డీని కొంగుకు రాసింది. మరకైనా అంటలేదు. మెల్లగా, చాలా మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"పోశానన్నావు."

"పోశానే... అది, ఎండలకు..."

"దీపం ఆరిందన్నావు!"

కారులోకి వంగి ఆ నీలి కన్నును గోటితో పీకింది. కింద ఎర్ర దీపం భగభగ వెలుగుతోంది. ఆ దీపం ముందు తఫీదా మొహం ఇంకా ఎర్రగా ఉందని హిక్మత్ నాతో ఒట్టేసి చెప్పింది.

"నూనె చుక్క లేకుండా వంకాయ వేపితే ఏమవుతుందో మా ఇంటి పిల్లికి కూడా తెలుసు! నీకు తెలియదా? ఇంజిన్ మాడ్చావు, పోనీ. నా చేత నా మనిషిని తిట్టించావు. నేను నీకు పావురాలు వండానయ్యా! పావురాలు!"

"కాస్త నెమ్మది, రోడ్డు మీద..."

"రోడ్డుకు తెలియాలి! కాలవలో కప్పలకు కూడా తెలియాలి!"

ఈలోగా హిక్మత్ సంచి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. తఫీదా రోలు మోసుకుంటూ రొప్పుతూ వెంటపడింది.

"ఆగవే! నీ కాళ్ళు పట్టుకుంటా."

"వద్దక్కా. నీ మనవడి మీద నా చూపు పడకూడదు. నువ్వన్నదానికి అర్థం అదేగా."

ఆ మాట తఫీదాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏం చెప్పినా ఆవిడ ఆగదు. దసూక్ వైపు వెళ్ళే క్యాబేజీల లారీ వస్తోంది. తఫీదా దారికి అడ్డంగా రోలు పెట్టి దాని పక్కనే నిలబడింది. లారీ ఆగింది. హిక్మత్‌ను రెక్క పట్టి క్యాబేజీల మీదికి నెట్టి, తానూ ఎక్కింది.

"మరి నేను?" అన్నాడు మెత్వల్లి.

"నీ పెళ్ళికూతురితో కాపురం చేసుకో!"

పిలుపుకు కొంచెం ముందుగా చేరారు. దారంతా హిక్మత్ మొహం అటు తిప్పుకునే కూర్చుంది. రావియా ఇంట్లో అత్తవారూ చుట్టాలూ నిండి ఉన్నారు, నేనూ ఉన్నాను. రావియా బిడ్డను అమ్మమ్మకు అందించింది. తఫీదా ముద్దయినా పెట్టుకోకుండా, గుమ్మంలో గోడకు అంటుకుని నిలబడ్డ హిక్మత్ దగ్గరికి వెళ్ళి ఆవిడ చేతుల్లో పెట్టింది.

"చూడు. నీకు ఇష్టమొచ్చినంత సేపు చూడు. ఏమీ అనక్కర్లేదు," అంది. రోకలి కూడా ఆవిడకే ఇచ్చింది.

హిక్మత్ చూసింది. చినిగిన రుమాలుతోనే కళ్ళు ఒత్తుకుని, మాషా అల్లా, మాషా అల్లా అంటూ ఎన్నిసార్లు అందో ఆవిడకే తెలియదు.

సరిగ్గా అప్పుడు మెత్వల్లి దిగాడు. ట్రాక్టరు వెనక తాడు కట్టి కారును లాక్కొచ్చాడు. దారంతా దిష్టి కథ వల్లె వేసుకున్నట్టున్నాడు, గుమ్మంలోనే "ఏం చెప్పమంటారు వియ్యంకుడు గారూ, ఒక కంటి దెబ్బ..." అని ఎత్తుకున్నాడు.

లోపల రోలు టంగుమంది. అప్పటికే జల్లెడలో పడుకోబెట్టిన బిడ్డ ఉలిక్కిపడ్డాడు. హిక్మత్ గొంతు చించుకుని బుద్ధులు చెప్పింది. "ఒరే నాన్నా, అమ్మ మాట విను! అమ్మమ్మ మాట విను! తాత మాట మాత్రం వినకు!"

ఇల్లంతా ఘొల్లుమంది. వియ్యంకుడు గారే ముందు నవ్వాడు. మెత్వల్లి కథ నోట్లోనే ఉండిపోయింది. చెప్పుల దగ్గర ఒక మూల కూర్చున్నాడు.

హిక్మత్ బాలింత ఇంట్లో పంచే వేడి మొగాత్ పానకం గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. పైన నెయ్యి వేలెడు మందాన తేలుతోంది.

"తాగు అన్నయ్యా. లోపల ఎండిపోతే ఏమవుతుందో చూశావుగా."

తాగాడు. తలెత్తకుండా మొత్తం తాగాడు. ఆ రాత్రి తఫీదా తన పడక హిక్మత్ పక్కనే వేసుకుంది.

అమ్మాయిలూ, ఇది నాతో పోనివ్వకండి. మీ మొగుళ్ళకు చెప్పండి, రేపు మీ కోడళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు చినిగిన రుమాలు సంగతి మాత్రం వదిలిపెట్టకండే.